తొమ్మిదో తరగతితో గూగుల్ డాక్: 34 మంది, ఒకే పేజీ, అంతా గల్లంతు

కట్టమీద_సార్

అందరికీ నమస్కారం. జనగామ వైపు ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మొన్న శుక్రవారం నేను చేసిన ఘనకార్యం చెప్పి సలహా అడుగుదామని వచ్చా.

ఎఫ్ఏలో (ఏడాది మధ్యలో పెట్టే చిన్న మదింపులో) ప్రాజెక్టు పనికి "మా ఊరి చెరువు" ఇస్తుంటాను. ప్రతి ఏడాదీ చార్టుల మీద గీసుకొస్తారు. ఒకే బొమ్మ, ఒకే పది వాక్యాలు, 34 సార్లు దిద్దాలి. ఈసారి అలా వద్దు, క్లాసంతా కలిసి ఒకే వ్యాసం రాయాలి అనుకున్నా. ల్యాబ్‌లో 11 సిస్టమ్‌లు ఉంటే 7 పనిచేస్తున్నాయి. నెట్ నా ఫోన్ హాట్‌స్పాట్. ఒక గూగుల్ డాక్ తెరిచి "లింక్ ఉన్న ఎవరైనా ఎడిట్ చేయొచ్చు" అని పెట్టి, సిస్టమ్‌కి ఐదుగురు చొప్పున కూర్చోబెట్టా. ఇంటి దగ్గర ఫోన్ ఉన్నవాళ్ళు సాయంత్రం కూడా రాసుకుంటారని లింక్ క్లాస్ వాట్సాప్ గ్రూపులో వేశా.

మొదటి ఐదు నిమిషాలు పండగే. స్క్రీన్ పైన గుండ్రటి బొమ్మల్లో ఏవేవో జంతువులు వచ్చాయి. అనానిమస్ కాపీబారా, అనానిమస్ క్వాగా. చెరువు సంగతి వదిలేసి "నువ్వేం జంతువురా?" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కోవడం. పదో నిమిషానికి ఒకడు అవతలివాడి వాక్యం మధ్యలో దూరి తన పేరు కొట్టాడు. పావుగంటకి ఎవరో కంట్రోల్-ఏ కొట్టి డిలీట్ నొక్కారు. మొత్తం తెల్లకాగితం. ఏడు సిస్టమ్‌ల దగ్గర్నుంచీ ఒకేసారి "సార్!" అని కేక.

"అన్‌డూ కొట్టండ్రా" అన్నాను. అందరూ కొట్టారు. ఎవరి అన్‌డూ వాళ్ళు చేసిన మార్పునే వెనక్కి తీస్తుందని అప్పటికి నాకు తెలీదు. ఇంకాస్త కలగాపులగమైంది. ఇంతలో బెల్లు.

సోమవారం తెరిచి చూస్తే వ్యాసం నిండుగా, అందంగా ఉంది. మురిసిపోయా. తర్వాత తెలిసిందేమిటంటే, క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయి ఆదివారం వాళ్ళ అన్న ఫోన్లో ఒక్కతే కూర్చుని రాసి, కింద 34 పేర్లూ వరసగా పెట్టింది.

ఇప్పుడు మార్కులు ఎవరికి, ఎలా వేయాలి? ఇది నిజంగా పిల్లలకి పనికొచ్చేదేనా, లేక నా సరదానా? మొహమాటం లేకుండా చెప్పండి.

ల్యాబ్_తాళాలు

సార్, ముందుగా మీ శుక్రవారం వ్యాసం ఎక్కడికీ పోలేదు. కంప్యూటర్లో ఆ డాక్ తెరిచి కంట్రోల్+ఆల్ట్+షిఫ్ట్+హెచ్ నొక్కండి, లేదా ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీకి వెళ్ళండి. కుడివైపు తేదీలు, టైములు వరసగా వస్తాయి. డిలీట్‌కి ముందున్న టైము మీద నొక్కితే అప్పటి పేజీ కనిపిస్తుంది. "రిస్టోర్" అంటే తిరిగొస్తుంది. ఆ అమ్మాయి రాసింది కూడా పోదు, అదీ ఒక వెర్షన్‌గా ఉంటుంది.

ఎవరు డిలీట్ చేశారో మాత్రం తెలీదు. లాగిన్ లేకుండా లింక్‌తో వచ్చినవాళ్ళందరినీ "ఆల్ అనానిమస్ యూజర్స్" అని ఒకే ముద్దగా చూపిస్తుంది. మీ కాపీబారా తప్పించుకున్నట్టే.

ఇకమీదట క్లాసు మొదలయ్యే ముందు "నేమ్ కరెంట్ వెర్షన్" అని ఒక పేరు పెట్టుకోండి, "గొడవకి ముందు" లాంటిది. పది సెకన్ల పని.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్

నాయనా, నొచ్చుకోకు. నేను 34 ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, చెప్పకుండా ఉండలేను. మా బళ్ళో గోడపత్రిక ఉండేది. ఒకడు కవిత, ఒకడు బొమ్మ, ఒకడు వార్తలు, చేతిరాత బాగున్నవాడు శీర్షికలు. జిగురు పూసి అట్టకి అంటించేవాళ్ళు. ఎవడు రాసింది వాడి చేతిరాతలో కనపడేది. "అనానిమస్" అనే మాటే లేదు. కంట్రోల్-ఏ లేదు. మహా అయితే వానొస్తే తడిసేది.

కలిసి పనిచేయడం నేర్పడానికి ఇంత తతంగం ఎందుకని నా ప్రశ్న. కరోనా అప్పుడు టీవీ పాఠాలు పెట్టారు, ట్యాబులు అన్నారు, యాప్‌లు అన్నారు. మా మనవడు పాఠం పెట్టుకుని పక్కన కూర్చుని జామకాయ తినేవాడు.

పాలమూరు_టీచరమ్మ

మాస్టారు గారూ, టీవీ పాఠం ముచ్చట వేరు, సార్ అడిగేది వేరు. 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్ల, యాదగిరి ఛానెల్ల పాఠాలొచ్చినయి. అండ్ల పిల్లగాడు చూసుడే గానీ మాట్లాడేది లేకుండె. ఇక్కడ పిల్లలే రాస్తున్నరు. రెండింటినీ ఒక్క గాటన కట్టొద్దు.

సార్, నాది ప్రైమరీ. మా బళ్ళె కంప్యూటర్ ఒక్కటి గూడ లేదు. నేను ప్లిక్కర్స్ అనేది వాడుత. పిల్లలకు ఫోన్ అక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక కాగితం కార్డు, దానిమీద నల్లటి గళ్ళ బొమ్మ ఉంటది, ఎవరి బొమ్మ వాళ్ళదే. కార్డును ఎటు దిక్కు పట్టుకుంటే అది జవాబు: ఏ, బీ, సీ, డీ. నేను ముందర నిలబడి నా ఫోన్ కెమెరాను గది మీదికి తిప్పితే ఎవరేం చెప్పిన్రో అన్నీ వచ్చేస్తయి. పక్కోని కార్డు చూసి కాపీ కొడదామన్నా కుదరది, ఎందుకంటే అక్షరాలు చిన్నగ ఉంటయి, బొమ్మలు వేరే వేరే.

నాకు నచ్చిందేందంటే, చెయ్యెత్తమంటే ఎప్పుడూ గా నలుగురే ఎత్తుతరు. కార్డు పెట్టినంక 28 మందీ జవాబు చెప్పాల్సిందే. "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా" అని అడిగితే సగం మంది నాలుగో వంతు అన్నరు. చెయ్యెత్తుడుతోని అయితే నాకు ఎన్నడూ తెలవకపోవు. అప్పుడు జోడీలు కట్టి "ఎందుకట్ల అనుకున్నవ్?" అని ఒకరినొకరు అడుగుకోమన్న, రొట్టె గీసి చూసుకోమన్న. మళ్ళ కార్డులెత్తినంక చానామంది మారిన్రు.

కార్డులు ప్రింట్ తీసి అట్టకు అంటించుకోండి. లామినేషన్ చేస్తే వెలుగుకు మెరిసి స్కాన్ కాదు. నేను చేసి ఖరాబు చేసుకున్న.

గుంటూరు_తెలుగుపంతులమ్మ

సార్, పిల్లలు ఏ భాషలో రాశారు? తెలుగులోనా, లేక "maa oori cheruvu" బాపతా? అది చెప్పలేదు మీరు. నాకైతే అసలు గొడవ అక్కడే మొదలైంది.

మా పిల్లలకి ఫోన్లో తెలుగు రాయడం బాగానే వచ్చు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే జీబోర్డ్ తెలుగులోకి మార్చేస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చోగానే బిక్కమొహం. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉందనేది సగం బళ్ళలో ఎవరికీ తెలీదు. సెట్టింగ్స్‌లో భాష చేర్చుకుంటే చాలు. పాతకాలం వాళ్ళకి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే లేఖిని వెబ్‌సైటు ఉండనే ఉంది.

ఇక మా స్టాఫ్ రూమ్ సంగతి. నేను ప్రశ్నపత్రం అందరం కలిసి డాక్‌లో తయారు చేద్దామన్నాను. ఒక సార్ ఇరవై ఏళ్ళుగా అను అనే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టించిన ప్రశ్నల ఖజానా తెచ్చి అతికించారు. స్క్రీన్ నిండా డాలర్లూ, గీతలూ, ఏవేవో చుక్కలు. ఆయన "మీ గూగులుకి తెలుగు రాదమ్మా" అన్నారు. అను ఫాంట్లకీ, ఇప్పుడు అంతటా వాడే యూనికోడ్‌కీ తేడా చెప్పేసరికి ఆ మధ్యాహ్నం అయిపోయింది. కన్వర్టర్లో వేస్తే వత్తులు కొన్ని ఎగిరిపోయాయి గానీ మొత్తానికి ఒడ్డునపడ్డాం.

చిన్న సరదా: డాక్స్‌లో ఫాంట్ల పట్టీ తెరిచి తెలుగు ఎంచుకుంటే సురన్న, పెద్దన, ధూర్జటి, తిమ్మన, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ అందరూ వరసగా ఉంటారు. మా ఎనిమిదో తరగతి వాళ్ళకి అష్టదిగ్గజాల పాఠం అక్కడే మొదలుపెట్టాను. "ధూర్జటి బాలేదు మేడమ్, తిమ్మన లావుగా ఉన్నాడు" అని విమర్శలు!

డాలస్_నాన్న

మా అమ్మాయి ఇక్కడ సెవెంత్ గ్రేడ్. ప్రతి పిల్లకీ బడివాళ్ళే క్రోమ్‌బుక్ ఇస్తారు. 2025లో టెక్సస్‌లో ప్రభుత్వ బడుల్లో ఫోన్లు వాడకూడదని చట్టం వచ్చింది. ఇక గోల తగ్గుతుందని మేమంతా సంతోషించాం.

పిల్లలేం చేశారో చెప్పనా? ఒక డాక్ తెరుస్తారు. దానికి "సైన్స్ నోట్స్" అని పేరు. ఆరుగురు స్నేహితులకి షేర్. అంతే, అది చాట్ రూమ్. టీచర్ దూరం నుంచి చూస్తే పిల్లలు కలిసి బుద్ధిగా నోట్సు రాసుకుంటున్నట్టే ఉంటుంది. బెల్లు కొట్టే ముందు అంతా చెరిపేస్తారు. వెర్షన్ హిస్టరీ అనేది ఒకటుందని మా పాపకి నేనే చెప్పాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

అయినా నేను ఈ పనిముట్ల వైపే ఉంటాను. ఇక్కడ టీచర్ దిద్దే తీరు నాకు నచ్చింది. వ్యాసం పక్కన కామెంట్ పెడుతుంది, "ఈ మాటకి ఆధారం ఏది?" అని. పాప జవాబు రాస్తుంది, సరిచేస్తుంది. ఎర్రసిరాతో కొట్టేసి చేతికిచ్చేస్తే అక్కడితో అయిపోయేది. ఇది వారం పాటు నడుస్తుంది.

ల్యాబ్_తాళాలు

కట్టమీద సార్, ఒక చిట్కా. డాక్ బదులు స్లైడ్స్ వాడండి. స్లైడ్ నంబర్ 1 ఫలానా, నంబర్ 2 ఫలానా అని ముందే పేర్లు రాసి ఉంచండి. ఎవరి జాగా వాళ్ళది. పక్కవాడిది చూడొచ్చు, కామెంట్ పెట్టొచ్చు, కానీ ఒకే వాక్యంలో ఇద్దరు తన్నుకోవడం ఉండదు. లేదంటే షీట్. పిల్లకో వరస.

గూగుల్ క్లాస్‌రూమ్‌లో పెడితే అటాచ్ చేసేటప్పుడు మూడు రకాలు అడుగుతుంది: చూడటం మాత్రమే, అందరూ ఒకే ఫైల్ ఎడిట్ చేయడం, ఒక్కొక్కరికీ ఒక కాపీ. తొందరలో రెండోది నొక్కి ఎంతమంది టీచర్లు మొత్తుకున్నారో నాకు తెలుసు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి.

ఇంటర్_ఎంపీసీ

సార్, నేను స్టూడెంట్‌ని, మాట్లాడొచ్చో లేదో. టెన్త్‌లో ఆ అమ్మాయి ప్లేస్‌లో నేనుండేవాణ్ణి. ప్రతి గ్రూప్ ప్రాజెక్టూ నాతోనే రాయించేవాళ్ళు. బయటికి నేను మంచివాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు వేరేవాళ్ళు రాస్తే నచ్చేది కాదు. తప్పులుంటాయి, మార్కులు పోతాయని భయం. వాళ్ళు రాసింది రాత్రి డిలీట్ చేసి నేను మళ్ళీ రాసేవాణ్ణి. అందుకని తర్వాత వాళ్ళు రాయడమే మానేశారు.

అంటే మీరు ఆ అమ్మాయి కష్టపడింది, మిగతావాళ్ళు బద్ధకస్తులు అనుకుంటారేమో. హిస్టరీ ఒకసారి చూడండి సార్. వాళ్ళు రాసింది ఉందేమో, ఆమె తీసేసిందేమో.

ఇంకోటి. హిస్టరీలో ఒకేసారి పెద్ద పేరా వచ్చి పడితే చాట్‌జీపీటీ అనుకోకండి వెంటనే. మా ఫోన్లలో డాక్స్ యాప్ నత్తలా నడిచేది. వాట్సాప్‌లో నాకు నేనే మెసేజ్ పెట్టుకుని అక్కడ రాసి, కాపీ చేసి అతికించేవాణ్ణి.

కట్టమీద_సార్

తమ్ముడూ, నువ్వు చెప్పింది ఇప్పుడే చూశా. కరెక్టే. ఆదివారం పొద్దున ముగ్గురు రాసిన పేరాలు ఉన్నాయి. సాయంత్రానికి లేవు. అందులో ఒకటి చెరువు కట్ట మీద మైసమ్మ గుడి గురించి, తప్పుల తడకే గానీ బాగుంది. నాకు ఈ కోణం తట్టనే లేదు. థ్యాంక్స్.

పంతులమ్మ గారూ, మావాళ్ళు సగం తెలుగు, సగం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. ఒకడు వాయిస్ టైపింగ్ పెట్టి "మత్తడి దుంకింది" అన్నాడు. అది "మా తడి దూకింది" అని రాసింది. మత్తడి అన్నా అలుగు అన్నా చెరువు నిండితే నీళ్ళు పొర్లే చోటే, కానీ అలుగు అంటే సరిగ్గా రాసిందట. మరి మా మత్తడి దానికేం తెలుసు?

హెచ్ఎం_గారి_బాధ

పిల్లల్ని అంటున్నారు గానీ పెద్దలం ఏం తక్కువ తిన్నాం? మా మండలంలో ఒక గూగుల్ షీట్ పంపిస్తారు, "సాయంత్రం 4 లోపు అన్ని పాఠశాలలూ నింపవలెను" అని. నలభై మంది ఒకేసారి దిగుతాం. ఎవరో తమ బడి పేరు వెతుక్కోవడానికి ఫిల్టర్ పెడతారు. మిగతా అందరి స్క్రీన్‌లోనూ బళ్ళు మాయం. ఇంకొకరు ఒక్క నిలువు వరసని మాత్రం సార్ట్ చేస్తారు. మా బడిలో మరుగుదొడ్ల సంఖ్య పక్క ఊరి ఆడపిల్లల సంఖ్య అయి కూర్చుంటుంది. గ్రూపులో తిట్లు.

దీనికి మందు షీట్స్‌లోనే ఉంది. "ఫిల్టర్ వ్యూ" అని పెట్టుకుంటే నాకు మాత్రమే వడకట్టినట్టు కనిపిస్తుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. షీట్ తయారు చేసినవాళ్ళు "ప్రొటెక్ట్ రేంజ్" పెడితే పక్క బడి వరసలో ఎవరూ చెయ్యి పెట్టలేరు. గడి మీద రైట్ క్లిక్ చేసి "షో ఎడిట్ హిస్టరీ" అంటే ఎవరు మార్చారో కూడా చెప్తుంది. ఈ మూడు ముక్కలు మా శిక్షణల్లో ఎవరూ చెప్పలేదు. మా స్కూల్ అసిస్టెంట్ ఒకావిడ యూట్యూబ్ చూసి చెప్పింది.

దానికంటే నాకు భయం వేసేది ఇంకొకటి. పిల్లల పేరు, పుట్టిన తేదీ, ఆధార్, తండ్రి ఫోన్ నంబరు ఒక షీట్‌లో పెట్టి "ఎనీవన్ విత్ ద లింక్" అని గ్రూపుల్లో తిప్పడం. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలూ వచ్చాయి. ఆ చట్టం లెక్కలో 18 ఏళ్ళ లోపు అందరూ పిల్లలే, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. కట్టమీద సార్, మీ డాక్ లింక్ క్లాస్ గ్రూపులో వేశారు కదా, ఆ గ్రూపులో ఉన్నది పిల్లలా, తల్లిదండ్రులా, బాబాయిలా? ఎవరి చేతికి ఎడిట్ ఇచ్చారో ఒకసారి చూసుకోండి. తిట్టడం లేదు. ముందు మనమే నేర్చుకోవాల్సింది అది.

వికీపురుగు

డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. కలిసి రాయడం నేర్పాలంటే నా ఓటు తెలుగు వికీసోర్స్‌కి, అంటే పాత పుస్తకాలను అందరూ కలిసి టైపు చేసి పెట్టే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయానికి. పాత తెలుగు పుస్తకాల స్కాన్ పేజీ కుడివైపు, టైపు చేసిన పాఠం ఎడమవైపు. యంత్రం చదివిన పాఠంలో తప్పులుంటాయి, "ధ"కి "ద", అరసున్న గల్లంతు. విద్యార్థి బొమ్మ చూస్తూ దిద్దుతాడు. దిద్దితే పేజీ పసుపు రంగు. ఇంకో మనిషి వచ్చి సరిచూసి ఒప్పుకుంటేనే ఆకుపచ్చ. మొదటివాడే రెండోసారి వచ్చి ఆకుపచ్చ చేసుకోలేడు. ఇద్దరు మనుషులు కావాలనేది ఆ పనిముట్టులోనే కట్టేశారు. నాకు అది మహా ఇష్టం.

మా పిల్లల్లో ఇద్దరు ఒక పేజీలో అది "ఱ"నా "ఠ"నా అని రెండు రోజులు చర్చా పేజీలో వాదించుకున్నారు. శకటరేఫ (బండి ఱ) గురించి నేను గంట చెప్పినా అంత పట్టించుకునేవాళ్ళు కాదు.

ఇది కొత్త సంగతేం కాదు. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు తెలుగు వికీలో ఇలాంటి పని చేశారు. తెలుగు వికీపీడియా మొదలైంది 2003 డిసెంబరులో. అంటే ప్రతి మార్పుకీ చరిత్ర, ప్రతి వ్యాసానికీ చర్చా పేజీ మన భాషలో ఉండబట్టి రెండు దశాబ్దాలు దాటింది. అప్పటికి గూగుల్ డాక్స్ పుట్టనే లేదు.

జామ్‌బోర్డ్_బాధితుడు

ఎవరూ అనలేదు కాబట్టి నేనంటా. ఏ పనిముట్టుకీ తాళి కట్టకండి. కరోనా నుంచి జామ్‌బోర్డ్ (గూగుల్‌వాళ్ళ ఆన్‌లైన్ రాతబల్ల) మీద ఫిజిక్స్ బోర్డులు తయారు చేసుకున్నా, పిల్లలు అంటించిన పసుపు చీటీలతో సహా. 2023లో మూసేస్తున్నామన్నారు, 2024 డిసెంబరు 31తో దుకాణం కట్టేశారు. పీడీఎఫ్‌లు దించుకున్నా. పీడీఎఫ్‌లో చీటీ కదలదు కదా. తర్వాత ప్యాడ్‌లెట్‌కి వెళ్ళా, అదీ అందరూ చీటీలు అంటించే ఆన్‌లైన్ గోడే. ఉచితంగా అయితే మూడు గోడలే ఇస్తుంది, నాలుగోది కావాలంటే పాతది చెరపాలి. క్లాసుకొకటి కూడా రాదు.

కాకపోతే ప్యాడ్‌లెట్‌లో ఒక మంచి గుణం: టీచర్ ఒప్పుకున్నాకే పోస్టు గోడ మీద పడేట్టు పెట్టుకోవచ్చు. తొమ్మిదో తరగతికి అది తప్పనిసరి. ఎందుకో అడక్కండి.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్

మా గోడపత్రిక ఏ కంపెనీవాడూ మూసేయలేదు బాబూ.

పాలమూరు_టీచరమ్మ

మాస్టారు గారు గెలిచిన్రు ఇయాల 😄

కట్టమీద_సార్ (మూడు వారాల తర్వాత)

ఆలస్యమైంది, ఎస్ఏ పరీక్షలు అడ్డొచ్చాయి. మళ్ళీ చేశాం. ఏం జరిగిందో చెప్తా, కొంచెం పెద్ద పోస్టు.

మొదట నా తప్పు నాకే తెలిసింది. "చెరువు గురించి రాయండి" అన్నాను. చెరువు గురించి 34 మందికీ తెలిసింది ఒకటే: నీళ్ళుంటాయి, చేపలుంటాయి, బతుకమ్మలు వేస్తాం. అందరికీ తెలిసింది ఒకటే అయినప్పుడు బాగా రాసేవాళ్ళు ఒకరు రాస్తే సరిపోతుంది. ఆ అమ్మాయి చేసింది అదే, తప్పేముంది? అందుకని ఈసారి ఒక్కొక్కరికీ వేరే వేరే మనిషిని అప్పగించా. ఒకరు ఆయకట్టు రైతు దగ్గరికి, ఒకరు చేపలు పట్టేవాళ్ళ దగ్గరికి, ఒకరు చాకలి అవ్వ దగ్గరికి, ఒకరు మిషన్ కాకతీయ కింద చెరువులు బాగుచేసినప్పుడు పూడిక మట్టి ట్రాక్టర్లలో తోలుకున్నాయన దగ్గరికి. ఇంటి చుట్టుపక్కల వాళ్ళే, ఎక్కడికో పోనక్కర్లేదు. నోట్‌బుక్‌లో రాసుకురావాలి.

రాసింది షీట్‌లో. పిల్లకో వరస. నాలుగు నిలువు గళ్ళు: ఎవరిని అడిగావు, ఏం చెప్పారు, నువ్వు కళ్ళతో చూసిందేంటి, నీకు అనుమానం ఉన్నదేంటి. ఎవరి వరసలో వాళ్ళే రాసేట్టు తాళం వేశా. పక్కవాళ్ళ వరసలో కామెంట్ మాత్రమే. బడి పేరు మీద ఖాతాలకి దరఖాస్తు పెట్టాం, ఇంకా రాలేదు. ఈలోగా ఏడు సిస్టమ్‌లకి ఏడు ఖాతాలు నేనే తీశా. పిల్లల సొంత నంబర్లు, పేర్లు లేవు, రోల్ నంబర్లే. హెచ్ఎం గారూ, మీ మాట పని చేసింది. పాత లింక్ కూడా మూసేశా.

ఇప్పుడు అసలు సంగతి. రెండో రోజు 12వ వరసలో ఒక అబ్బాయి "చెరువుకి రెండు తూములు" అని రాశాడు. 27వ వరసలో ఒక అమ్మాయి "మూడు తూములు" అని రాసింది. క్లాసులో నోరు విప్పని పిల్ల. హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" కూడా పక్కపిల్ల చెప్తుంది. వాడు కామెంట్ పెట్టాడు: "రెండే. నేను లెక్కబెట్టిన." ఆమె: "మూడు. మా తాత చెప్పిండు." వాడు: "మీ తాతకేం తెల్సు." ఆమె: "మా తాత నీరటి."

అక్కడితో ఆగింది. చెరువు నీళ్ళు ఏ తూము నుంచి ఎన్ని గంటలు వదలాలో చూసుకునేవాడు నీరటి. ఊళ్ళో అంతకంటే ఎవరికి తెలుస్తుంది? కింద ఇంకో ఆరుగురు కామెంట్లు: "అయితే మూడోది ఎక్కడుంది?" బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. నేనూ లేపలేదు, పక్క పీరియడ్ ఇంగ్లీషు మేడమ్‌కి సారీ చెప్పుకున్నా.

శనివారం సాయంత్రం పదిమందిమి కట్ట మీదికి పోయాం. ఆ తాతే వచ్చి చూపించాడు. తూర్పు దిక్కు తుమ్మచెట్ల పొదలో రాతి స్తంభాలు రెండు నిలబడి ఉన్నాయి, మధ్యలో మట్టి పూడుకుపోయింది. అదీ మూడో తూము. దాని కింద పొలాలు ప్లాట్లయ్యాక ఎవరూ తెరవలేదన్నాడు. ఏ ఏడాదిలో అంటే "పెద్దోని పెండ్లి అయినంక" అన్నాడు. పిల్లలు ఆ పెద్దోణ్ణి వెతికి పెండ్లి కార్డు మీద తేదీ తెచ్చారు. 1998.

12వ వరస అబ్బాయి తన గడిలో "రెండు" కొట్టేయలేదు. పక్కన "పనిచేసేవి" అని చేర్చాడు. "పనిచేసేవి రెండు తూములు." నేను చెప్పలేదు అలా రాయమని.

మార్కులంటారా, వ్యాసానికి వేయలేదు. వరసకి సగం, ఇతరుల వరసలో పెట్టిన కామెంట్లకి సగం. "సూపర్", "గుడ్" లాంటివి లెక్కలోకి రావని ముందే చెప్పా. క్లాస్ ఫస్ట్ అమ్మాయికి మొదటిసారి తక్కువొచ్చాయి. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు మరి. ఏడ్చింది. వాళ్ళమ్మ ఫోన్ చేసింది. సర్దిచెప్పా గానీ నాకే పూర్తిగా నచ్చజెప్పుకోలేకపోయా. దీని గురించి ఎవరైనా ఆలోచన ఉంటే చెప్పండి.

చెడిపోయినవీ చెప్తా. రెండు రోజులు నెట్ లేదు, షీట్ తెరుచుకోలేదు. అప్పుడు నల్లబల్ల మీద నాలుగు గళ్ళు గీసి అదే పని చేశాం, బాగానే నడిచింది. ముగ్గురు పిల్లలు ఎవరినీ అడక్కుండా ఇంట్లో కూర్చుని కథ అల్లారు. "మీ చేపలాయన పేరేంట్రా" అంటే ఒకడు హీరో పేరు చెప్పాడు.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్

నాయనా, పోస్టు రెండుసార్లు చదివాను. నీరటి ముచ్చట బాగుంది. మా గోడపత్రికలో ఎవడైనా తప్పు రాస్తే మేమే దిద్దేసి అంటించేవాళ్ళం. ఒకడు రాసిందాని పక్కన ఇంకొకడు "కాదు" అని రాసే జాగా ఉండేది కాదు. అది ఒప్పుకుంటాను.

కానీ నువ్వే రాశావు, నల్లబల్ల మీద కూడా నడిచిందని. దాని సంగతేంటి?

కట్టమీద_సార్

నడిచింది మాస్టారూ. కాకపోతే ఆ రెండు రోజులూ 27వ వరస అమ్మాయి బల్ల దగ్గరికి రాలేదు. చాక్‌పీస్ ఇస్తే పక్కపిల్లకిచ్చింది.

డాలస్_నాన్న

ఆ ఫస్ట్ ర్యాంక్ అమ్మాయికి మార్కులు తగ్గించడం కంటే ఇంకో వారం గడువిచ్చి "మూడు వరసల్లో మూడు ప్రశ్నలు అడుగు" అని ఉంటే బాగుండేదేమో సార్. మా పాప టీచర్ అలా చేస్తుంది. ప్రశ్న అడగడం ఆ పిల్లకి ఎవరూ నేర్పి ఉండరు, జవాబులు చెప్పడమే నేర్పారు.

ఇంటర్_ఎంపీసీ

నిజం సార్. నాకిప్పటికీ రాదు.

కట్టమీద_సార్

సరే, సోమవారం పిలిచి అదే చెప్తా. వాళ్ళమ్మకి కూడా.

గుంటూరు_తెలుగుపంతులమ్మ

సార్, ఆ నాలుగు గళ్ళ షీట్ ఖాళీది ఒక కాపీ ఇక్కడ పెట్టగలరా? మా ఊళ్ళో చెరువు లేదు, కాలవ ఉంది. మార్చుకుంటాను.

కట్టమీద_సార్

ఆదివారం పెడతా మేడమ్. చూడటానికి మాత్రమే ఇస్తా, కాపీ తీసుకోండి. ఈ గుంపుకి ఎడిట్ అసలే ఇవ్వను.